ముందు రాయి, ధైర్యం తర్వాత వస్తుంది

"ఇంకా రెండు చాప్టర్లున్నయ్ అక్కా. అవి అయినంక, కొంచెం మనసు కుదురుకున్నంక రాస్తా."

గ్రూప్-1 మెయిన్స్‌కి, అంటే జవాబులు వివరంగా రాయాల్సిన పరీక్షకి చదువుతున్న ఒక అమ్మాయి ఈమధ్య నాతో అన్న మాట ఇది. నల్గొండ జిల్లా పిల్ల. హైదరాబాద్‌లో, పోటీ పరీక్షల పిల్లలు ఉండే అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉంటుంది, పగలంతా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుంటుంది. తెలంగాణ చరిత్రలో ఎక్కడ తట్టినా టకటకా చెప్పేస్తుంది. టైం పెట్టుకుని కాగితం మీద ఒక్క ఆన్సర్ రాయమంటే మాత్రం ఏదో ఒక అడ్డం వస్తుంది. ఒకసారి సిలబస్ మిగిలిపోయిందంటుంది, ఇంకోసారి తలనొప్పి అంటుంది, మరోసారి మూడ్ బాగాలేదంటుంది.

ఆదివారాలు ఇలాంటి పిల్లలు కొందరు మా ఇంటికి వస్తుంటారు. నేను ప్రభుత్వోద్యోగిని, కోచింగ్ చెప్పేదాన్ని కాదు. వాళ్లు రాసింది చదివి ఎక్కడ బాగుందో, ఎక్కడ తేలిపోయిందో చెబుతానంతే. వీళ్లని చూస్తూ చూస్తూ నాకొక అభిప్రాయం గట్టిపడింది. మనసు కుదురుకున్నాక మొదలుపెడదామని కూర్చోవడం దగ్గరే వీళ్ల బండి ఆగిపోతోంది. ఆ కుదురు ముందుగా రాదు. పనిలోకి దిగాక వస్తుంది, అదీ ఒక్కసారిగా రాదు, కొంచెం కొంచెంగా వస్తుంది. ఈ మాట మీద నాకే కొన్ని అనుమానాలున్నాయి. అవి కూడా ఇక్కడే రాసేస్తాను.

చదువులాగే కనిపించే వాయిదా

అతిగా ఆలోచించడం అనగానే చేతులు కట్టుకుని కూర్చున్న మనిషిని ఊహించుకుంటాం. అశోక్‌నగర్‌లో అది అలా ఉండదు. పొద్దున్నే సీటు కోసం లైన్లో నిలబడతారు. నోట్సు రాస్తారు. ఆ నోట్సుకి షార్ట్ నోట్సు రాస్తారు. రివిజన్‌కి బాగుంటుందని దాన్నే మళ్లీ రంగు పెన్నులతో ఎత్తి రాస్తారు. మధ్యలో ఫోన్లో ఒక టాపర్ ఇంటర్వ్యూ. తెలుగు అకాడమీ పుస్తకాలు చాలంటాడు ఆయన. చాలవంటుంది ఇంకో ఆమె. ఇక ఆ పూటంతా ఏ పుస్తకం చదవాలన్న చర్చే. టెలిగ్రామ్ గ్రూపులో అడుగుతారు, సీనియర్లని అడుగుతారు, రూమ్మేట్‌ని అడుగుతారు.

రాత్రి పడుకునే వేళకి ఒళ్లు అలసిపోయి ఉంటుంది, కష్టపడ్డామన్న తృప్తీ ఉంటుంది. కానీ ఆ రోజు చేసిన పనుల్లో "ఇది తప్పు" అని ఎవరైనా చెప్పగలిగే పని ఒక్కటీ ఉండదు. ఎవరైనా పిల్లలు నా దగ్గరికొచ్చి "బాగా చదువుతున్నా" అంటే నేను చూసేది ఈ ఒక్క గుర్తునే. నోట్సు తప్పని ఎవరూ అనరు. ఇంటర్వ్యూ చూడటం తప్పని ఎవరూ అనరు. ఆన్సర్ రాస్తే మాత్రం మార్కులు పడతాయి, ఎర్ర గీతలు పడతాయి. చెయ్యి వెనక్కి లాగేది ఆ భయమే.

చదవడం దానికదే మోసం చేస్తుందని చూపించిన ప్రయోగం ఒకటుంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకి చిన్న చిన్న పాఠాలిచ్చారు. కొన్ని పాఠాలని మళ్లీ చదివించారు. కొన్నిటిని పుస్తకం మూసి, గుర్తున్నంత రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివిందే ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత పెడితే లెక్క తిరగబడింది. చూడకుండా రాసి చూసుకున్న పాఠం 56 శాతం గుర్తుంటే, మళ్లీ చదివిన పాఠం 42 శాతమే గుర్తుంది. నన్ను ఆపేసిన సంగతి ఇంకొకటుంది. "నాకు బాగా గుర్తుంటుంది" అన్న నమ్మకం ఎక్కువగా కనిపించింది పదే పదే చదివినవాళ్లలోనే. అంటే చదివేకొద్దీ ధైర్యం పెరుగుతున్నట్టే ఉంటుంది, పరీక్ష హాల్లో ఆ ధైర్యం నిలబడదు.

పన్నెండు నిమిషాలు

ఆ నల్గొండ అమ్మాయిని ఒక ఆదివారం మా హాల్లోనే కూర్చోబెట్టాను. మెయిన్స్ జనరల్ స్టడీస్ పేపర్లలో మూడు గంటల్లో పదిహేను ప్రశ్నలకి రాయాలి. లెక్క వేస్తే ఒక్కోదానికి పన్నెండు నిమిషాలు. ఫోన్లో అంతే టైం పెట్టి, కాకతీయుల కాలంలో నీటిపారుదల గురించి రాయమన్నాను.

మొదటి నాలుగైదు నిమిషాలు మొదటి వాక్యానికే పోయాయి. "కాకతీయులు" అని రాసి కొట్టేసింది. "గణపతిదేవుని కాలంలో" అని రాసి, రుద్రదేవుడితో మొదలుపెట్టాలేమోనని అదీ కొట్టేసింది. పెన్ను మూత తీసి పెట్టడం, పెట్టి తీయడం. నా వైపు చూసింది. నేనేమీ అనలేదు. ఆ తర్వాత ఎలాగో దారి దొరికింది. రామప్ప, పాకాల, లక్నవరం చెరువుల పేర్లు రాసింది. కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడి గురించి రాసింది, 1213 అని సంవత్సరం కూడా వేసింది. ఫోన్ మోగేసరికి ముప్పావు పేజీ అయింది, చివరి వాక్యం మధ్యలో తెగిపోయింది.

కాగితం నా చేతికిస్తూ తలెత్తలేదు. నాకైతే అది మంచి ఆన్సర్‌లాగే కనిపించింది. లేనిదల్లా ఒక్కటే. అన్ని చెరువులు ఎవరు తవ్వించారో ఉంది, ఆ చెరువుల్ని వందల ఏళ్లు ఎవరు చూసుకున్నారో, ఆ ఖర్చు ఎక్కణ్ణుంచి వచ్చిందో లేదు. "దశబంధ మాన్యాల గురించి చదివినవ్ గదా?" అన్నాను. చెరువు తవ్వించినవారికి, మరమ్మతులు చూసేవారికి ఇచ్చిన భూముల సంగతి అది. "చదివిన అక్కా, నోట్సులో ఉంది" అంది. నోట్సు తీసి చూపించింది కూడా. ఆకుపచ్చ పెన్నుతో కింద గీత గీసి ఉంది.

అన్నిసార్లు చదివినప్పుడు బయటపడని ఖాళీ పన్నెండు నిమిషాల్లో బయటపడింది. ఇంకా రెండు చాప్టర్లు చదివినా అది కనిపించేది కాదు, ఎందుకంటే అది చదవని చోట లేదు, చదివిన చోటే ఉంది. వెళ్లేటప్పుడు తను ఇంకో ప్రశ్న అడిగి రాసుకుపోయింది. మనసు అప్పటికి కుదురుకుందా అంటే లేదు, మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. అయినా అడిగింది.

ఇక్కడ "ఎక్కువ ఆలోచించకు" అనే సలహా గురించి ఒక మాట. ఇళ్లల్లో అందరూ ఇదే అంటారు. అమ్మ అంటుంది, బాబాయి అంటాడు, పక్కింటి ఆంటీ అంటుంది. దానివల్ల ఎవరికైనా ఆలోచన ఆగిందా? ఆలోచించొద్దనుకోవడం కూడా ఇంకో ఆలోచనే అవుతుంది. పైగా ఆలోచనంతా చెడ్డది కాదు. లెక్కలు వేసుకుని, ఎవర్నో అడిగి తెలుసుకుని, నిన్నటి అభిప్రాయం ఇవాళ మార్చుకుంటే అది పనికొచ్చే ఆలోచన. నిన్న అడిగిన ప్రశ్ననే ఇవాళా అడుగుతూ, కొత్తగా ఏమీ తెలుసుకోకుండా అక్కడక్కడే తిరిగేది వేరు.

ఆ రెండో రకం మనిషిని ఏం చేస్తుందో సూజన్ నోలెన్-హోక్సెమా అనే మనస్తత్వ శాస్త్రవేత్త చాలా ఏళ్లు పరిశోధించారు. 1989 అక్టోబర్‌లో కాలిఫోర్నియాలో పెద్ద భూకంపం వచ్చింది. అంతకు కొన్ని రోజుల ముందే ఆమె స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల దగ్గర, దిగులుగా ఉన్నప్పుడు మీరేం చేస్తారు అన్న వివరాలు తీసుకుని ఉన్నారు. భూకంపం తర్వాత వాళ్లనే మళ్లీ అడిగారు. దిగులు వచ్చినప్పుడు దాని చుట్టూనే తిరిగే అలవాటున్నవాళ్లు ఆ తర్వాతి వారాల్లో మిగతావాళ్లకంటే ఎక్కువగా కుంగిపోయారు. నేల అందరికీ ఒకేలా కదిలింది. తేడా వచ్చింది తర్వాత మనసులో ఏం జరిగిందన్న దగ్గరే.

రెండుసార్లు రద్దయిన పరీక్ష

ఇంతవరకూ రాసింది నాకే ఒక చోట గుచ్చుకుంటుంది. "మీ భయం మీ లోపలే ఉంది, దాన్ని దాటండి" అని చెప్పడం ఈ పిల్లల విషయంలో న్యాయమేనా?

2022 ఏప్రిల్లో 503 పోస్టులతో గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబర్ 16న ప్రిలిమ్స్ రాశారు. 2023 మార్చిలో పేపర్ లీకేజీ బయటపడి అది రద్దయింది. జూన్ 11న మళ్లీ రాశారు. సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్, అక్టోబర్‌లో మెయిన్స్. ఆ తర్వాత ఫలితాలు కూడా కోర్టు మెట్లెక్కాయి. ఇరవై నాలుగేళ్లకు హైదరాబాద్ బస్సెక్కిన పిల్లకి ఈ తేదీల మధ్యలోనే ఏళ్లు గడిచిపోయాయి. హాస్టల్ ఫీజు నెలనెలా కట్టాల్సిందే. ఇంటి దగ్గర సంబంధాలు చూస్తుంటారు. "ఇంకెన్నాళ్లు?" అని చుట్టాలు అడుగుతుంటారు. అలాంటి పిల్ల రాత్రంతా మేలుకుని "చదువుదామా, మానేద్దామా" అని కొట్టుకులాడితే దాన్ని జబ్బు అనడానికి నాకు నోరు రాదు. నిజంగా అనిశ్చితి ఉన్నచోట ఆందోళన ఉంటుంది. ఆ అనిశ్చితి వాళ్లు తెచ్చుకున్నది కాదు.

ఇంకొకటి కూడా ఉంది. "ధైర్యం చేసి దూకెయ్" అని చెప్పేవాళ్లలో చాలామందికి కింద పట్టుకోవడానికి ఎవరో ఒకరున్నారు. నాన్న పేరు మీద ఇల్లుంది, అన్న అమెరికాలో ఉన్నాడు, ఒక ఏడాది పోయినా ఇంకో ఏడాదికి డబ్బుంది. రెండెకరాల కౌలు భూమి మీద వచ్చిన డబ్బుతో చదువుతున్నవాడికి ఒక్క తప్పు నిర్ణయం ఇంటిల్లిపాదినీ కుదిపేస్తుంది. వాడు ఎక్కువ ఆలోచిస్తున్నాడంటే అందులో బాధ్యత ఉంది. ఈ తేడా చూడకుండా అందరికీ ఒకే ధైర్యం నూరిపోసే వీడియోలంటే నాకు కోపం.

మరి నా అభిప్రాయం నిలబడుతుందా? కొంత సవరించుకుంటే నిలబడుతుందనే అనుకుంటున్నాను. అన్ని నిర్ణయాలూ ఒకటి కావు. ఉద్యోగానికి రాజీనామా చేసి హైదరాబాద్ రావడం, భూమి తాకట్టు పెట్టడం, వచ్చిన సంబంధం కాదనడం లాంటి వాటికి ఎంత ఆలోచించినా తక్కువే. ఒక ఆన్సర్ రాయడానికి అంత ఆలోచన దేనికి? బాగా లేకపోతే ఆ కాగితం చించి పారేయొచ్చు. నేను గమనించింది ఏంటంటే, ఇల్లు వదిలి రావడమనే పెద్ద నిర్ణయాన్ని రెండు రోజుల్లో తీసుకున్నవాళ్లే ఒక పేజీ ఆన్సర్ దగ్గర నెలలు ఆగిపోతున్నారు. జాగ్రత్త పడాల్సిన చోట దూకి, దూకాల్సిన చోట జాగ్రత్త పడుతున్నారు. పరీక్ష రద్దవడం వాళ్ల చేతిలో లేదు. ఆ చేతిలో లేనిదాని గురించి పడే బెంగ, చేతిలో ఉన్న పన్నెండు నిమిషాలని కూడా మింగేస్తోంది. నా బాధ అది.

మనసు తర్వాత వస్తుందని ఎలా చెప్పగలను?

నా అభిప్రాయానికి ఊతమిచ్చింది గోవాలో జరిగిన ఒక పని. మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్, మానసిక ఆరోగ్యం మీద పనిచేసే సంగత్ సంస్థలోని ఆయన సహచరులు 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, తీవ్రమైన డిప్రెషన్‌తో ఉన్న 495 మందితో ఒక అధ్యయనం చేశారు. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. సగం మందికి మామూలుగా అందే వైద్యం అందింది. మిగతా సగానికి దాంతోపాటు ఆరు నుంచి ఎనిమిది సార్లు ఒక కౌన్సిలర్‌తో మాట్లాడే అవకాశం ఇచ్చారు. ఆ కౌన్సిలర్లు డాక్టర్లు కారు, మానసిక వైద్యంలో డిగ్రీలు లేని మామూలు మనుషులు, కొన్ని వారాలు శిక్షణ తీసుకున్నవాళ్లు. వాళ్ల పద్ధతిలో ముఖ్యమైన పని ఒకటే: మనిషి మానేసిన పనుల్ని కనిపెట్టి, అందులో చిన్నదొకటి ఎంచుకుని, ఎప్పుడు చేయాలో ఇద్దరూ కలిసి అనుకోవడం. మూడు నెలలకి రెండో సగం మంది పరిస్థితి మిగతావాళ్ల కంటే స్పష్టంగా మెరుగుపడింది. ఏడాది తర్వాత చూసినా ఆ మేలు చెదిరిపోలేదు.

ఇది డిప్రెషన్‌కి చేసిన చికిత్స. పరీక్షకి చదివే పిల్లల టెన్షన్‌కి దీన్ని ఉన్నదున్నట్టు అంటగట్టకూడదు, నేనూ అంటగట్టడం లేదు. నన్ను పట్టుకున్నది అందులోని వరస. ముందు దిగులు పోగొట్టి, ఆ తర్వాత పనిలోకి పంపలేదు వాళ్లు. దిగులుండగానే పని చేయించారు, దిగులు ఆ తర్వాత తగ్గింది. అంత కష్టంలో ఉన్నవాళ్లకే ఈ వరస పనిచేసిందంటే, మనసు కుదిరాకే మొదలుపెట్టాలన్న నియమం ఎవరు పెట్టారని అడగాలనిపిస్తుంది.

అదును

ఆగి చూడటం అనేది అసలు వద్దా? మా మేనమామ వరంగల్ వైపు పత్తి వేస్తాడు. మృగశిర కార్తెలో తొలి వాన పడగానే చుట్టుపక్కల కొందరు గింజలు పెట్టేస్తారు. ఆయన తొందరపడడు. పత్తికి కనీసం 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే విత్తుకోవాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. ఆయన వాన పడ్డ మర్నాడు చేనులోకి పోయి, జానెడు లోతున మట్టి తీసి పిడికిట్లో నొక్కుతాడు. ముద్ద కడితే సరే, పొడిపొడిగా రాలిపోతే ఇంకా ఆగుతాడు. ముద్ద కట్టిన రోజు మాత్రం ఇంట్లో పెళ్లున్నా ఆగడు. ఆ తర్వాత వాన మొహం చాటేస్తే మళ్లీ గింజలు కొనాలని ఆయనకి తెలుసు. తెలిసే పెడతాడు.

ఆయన రోజూ పొద్దున లేచి "ఇవాళ వేద్దామా వద్దా" అని మథనపడడు. ఎప్పుడు వేయాలన్నది వాన రాకముందే అనుకుని ఉన్నాడు. వాన వచ్చాక మట్టిని చూడటమే మిగిలింది. పీటర్ గాల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో రాసిన వ్యాసంలో చెప్పింది కూడా ఇలాంటిదే. "చేస్తాను" అనుకున్నవాళ్లకంటే, "ఫలానాది జరగ్గానే, ఫలానా చోట, ఇది చేస్తాను" అని ముందే అనుకున్నవాళ్లు పని మొదలుపెట్టే అవకాశం చాలా ఎక్కువ. అందుకే పిల్లలతో నేను "రోజూ ఆన్సర్లు రాయి" అనడం మానేశాను. "మధ్యాహ్నం టిఫిన్ బాక్స్ కడుక్కుని వచ్చి సీట్లో కూర్చోగానే, పుస్తకం తెరవకముందే ఒకటి రాయి" అంటున్నాను. రాసింది సాయంత్రంలోగా ఫోటో తీసి ఇంకొకరికి పంపాలి. నాకే పంపనక్కర్లేదు, పక్క సీట్లో ఉన్న స్నేహితురాలికైనా సరే. ఒకరు ఎదురు చూస్తున్నారంటే చెయ్యి కదులుతుంది.

కొందరికి ఇది చాలదు. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, బతికి ఏం లాభం అన్న మాట నోట్లోంచి వచ్చినా అది ఆన్సర్ రాస్తే పోయేది కాదు. అప్పుడు డాక్టర్ని కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది. హాస్టల్ గదుల్లో గోడల మీద ప్రపంచ పటం పక్కన ఈ నంబర్ కూడా ఉంటే బాగుండునని నాకు చాలాసార్లు అనిపించింది.

నా దగ్గరికి వచ్చే పిల్లల్లో సిద్దిపేట అబ్బాయి ఒకడుండేవాడు. మెయిన్స్‌కి ముందే ఒక కాగితం మీద రాసిపెట్టుకున్నాడు: ఇదే చివరిసారి, రాకపోతే ప్రైవేటు ఉద్యోగం, ఆ తర్వాత ఏ నోటిఫికేషన్ పడినా రెండేళ్ల దాకా తలెత్తి చూసేది లేదు. ఆ కాగితం మీద వాళ్ల నాన్న చేత కూడా సంతకం పెట్టించాడు. రాలేదు. అనుకున్నట్టే ఉద్యోగంలో చేరాడు. మొన్న ఫోన్లో "నోటిఫికేషన్ అంటే ఇప్పటికీ గుండె గుంజుతది అక్కా. కానీ ఏం చెయ్యాలె, ఏం చెయ్యాలె అని రాత్రంతా మేల్కొనుడు పోయింది" అన్నాడు. ఇంకొక్కసారి రాసి ఉంటే వచ్చేదేనని వాళ్లమ్మ ఇప్పటికీ అంటుంది. వచ్చేది కాదని ఆమెతో నేను చెప్పలేను. వచ్చేదేనని కూడా చెప్పలేను. వాడు మాత్రం వచ్చే నెల చెల్లెలి ఫీజు తనే కడుతున్నానని చెప్పి ఫోన్ పెట్టేశాడు.